అవ్వ చెప్పుల వెనక ఉన్న చరిత్ర

పోయిన పొంగల్ సెలవుల్లో ఒక రోజు పొద్దున మా ఇంటి నేల మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. వాకిలి నుంచి వంటింటి దాకా అడుగుకొక చుక్క. అమ్మ చూసి, నాకే ఏదో గుచ్చుకుందనుకొని గట్టిగా పిలిచింది. నాకేమీ కాలేదు. చుక్కల వెంబడే పోయి చూస్తే మా అవ్వ పొయ్యి ముందు నిలబడి కాఫీకి పాలు కాస్తా ఉంది. కూర్చోబెట్టి కుడి పాదం తిప్పి చూశాము. అరికాల్లో షూ మేకు ఒకటి తల దాకా దిగిపోయి ఉంది. మా నాయన ఆంబూరు పక్కన ఒక షూ కంపెనీలో తోలు కోసే పని చేస్తాడు. ఆయన ప్యాంటు మడతలో చిక్కుకొని వచ్చి వాకిట్లో పడి ఉంటుంది.

"నొప్పి పుట్టలేదా అవ్వా?" అన్నాను.

"లేదే పాపా, చీమ కుట్టినట్టు కూడా లేదు" అనింది అవ్వ. పైగా పాలు పొంగిపోతాయని తొందర పడింది.

నాయన ఆ రోజు అన్నం తినలేదు. మేకు దిగినందుకు కాదు, దిగినట్టు తెలియనందుకే మాకందరికీ భయం వేసింది. అవ్వకు పదహారేళ్ళుగా షుగరు ఉంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ మేకు తీసి, కట్టు కట్టి, అవ్వను కళ్ళు మూసుకోమన్నారు. సన్నని నైలాన్ పోగు ఒకటి తీసుకొని అరికాలి మీద ఒక్కోచోట ఆనించి, "తగిలితే చెప్పండి" అన్నారు. పది చోట్ల ఆనిస్తే అవ్వ నాలుగు చోట్లే "ఆఁ" అనింది. ఆ పోగు సరిగ్గా 10 గ్రాముల బరువుకు వంగేట్టు తయారు చేస్తారంట. అంతమాత్రం ఒత్తిడి కూడా తెలియకపోతే, ఆ పాదం తనను తాను కాపాడుకోలేదని అర్థం. చివర్లో నల్లటి మెత్తటి అట్టతో, మడమ వెనక కూడా పట్టీ ఉన్న చెప్పులు రాసిచ్చారు. ఎంసీఆర్ చెప్పులు అంటారు వాటిని. పూర్తి పేరు మైక్రో సెల్యులార్ రబ్బరు. అంటే లోపలంతా కంటికి కనపడని గాలి బుడగలున్న రబ్బరు.

బడి తెరిచాక మా సోషల్ టీచరు, "మీ ఇంట్లో ఉండే ఒక వస్తువు తీసుకొని దాని చరిత్ర రాసుకు రండి" అన్నారు. ఒకడు వాళ్ళ మగ్గం గురించి రాస్తానన్నాడు. ఒకమ్మాయి ఇత్తడి బిందె అనింది. నేను "మా అవ్వ చెప్పులు" అంటే క్లాసంతా నవ్వింది. టీచరు నవ్వలేదు. "చెప్పులకు చరిత్ర లేదనుకున్నారా? పైగా ఆ చెప్పుల కథ మన జిల్లాదే" అన్నారు. అప్పటి నుంచి ఈ మూడు నెలలూ లైబ్రరీలోనూ మా ఫిజిక్స్ సారు దగ్గరా వెతికి తెలుసుకున్నది ఇది. ఇంగ్లీషులో ఉన్నవి సారు చదివి వివరించారు.

మన జిల్లా కథ 1946లో మొదలవుతుంది. పాల్ బ్రాండ్ అనే ఎముకల సర్జన్ ఆ సంవత్సరం వేలూరు సీఎంసీకి వచ్చారు. పుట్టింది మన తమిళనాడులోనే, కొల్లిమలలో, 1914లో. చదువు ఇంగ్లండులో. వచ్చిన కొన్నాళ్ళకు చెంగల్పట్టులోని కుష్ఠు ఆసుపత్రి చూడటానికి పోయారు. అక్కడ డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ ఉండేవారు. వంకర పోయిన వేళ్ళు, సగం అరిగిన పాదాలు చూసి, వీటికి ఏమీ చేయలేమా అని బ్రాండ్ అడిగితే, నేను చర్మం డాక్టరును, ఎముకల డాక్టరు నువ్వు, చెప్పాల్సింది నువ్వే అన్నట్టు కాక్రేన్ జవాబిచ్చారంట. అక్కడే వేళ్ళు ముడుచుకుపోయిన ఒక రోగి చేతిలో తన చెయ్యి పెట్టి, పిండమన్నారు బ్రాండ్. ఆ రోగి పిండిన పిండుకు డాక్టరుకే నొప్పి పుట్టింది. ఆ చేతిలో బలం ఉంది, కండ బాగుంది. పోయింది వేరే ఏదో.

పోయింది స్పర్శ. ఆ కాలంలో జనమే కాదు డాక్టర్లు కూడా, కుష్ఠు వస్తే మాంసం దానంతటదే కుళ్ళి వేళ్ళు రాలిపోతాయనుకునేవారు. బ్రాండ్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఒక్కో గాయం వెనక్కి పోయి, ఎప్పుడు, ఏ పని చేస్తుంటే వచ్చింది అని విచారించారు. తుప్పు పట్టిన తాళం తిరగకపోతే ఒక పిల్లవాడు తాళంచెవిని బలంగా తిప్పేశాడు. తాళం తెరుచుకుంది గానీ వాడి వేలు ఎముక దాకా తెగింది. వాడికి తెలియనే లేదు. కొందరికి రాత్రి పడుకునేటప్పుడు ఉన్న వేలి ముక్క పొద్దున లేచేసరికి లేకుండా పోయేది. ఒక రాత్రి కాపలా కాసి చూస్తే ఎలుకలు కొరుకుతున్నాయి. నిద్రలో ఉన్న మనిషికి తెలియడం లేదు. అప్పటి నుంచి ఇళ్ళకు పోయే రోగులకు పిల్లిని కూడా ఇచ్చి పంపారంట. ఇది చదివినప్పుడు నాకు మా నేల మీది చుక్కలు గుర్తొచ్చాయి. అవ్వకు వచ్చింది కుష్ఠు కాదు, షుగరు. రెండూ వేరు రోగాలు. కానీ నరం చచ్చిపోయాక పాదానికి రెండింటిలోనూ ఒకటే గతి.

చేతికైతే బ్రాండ్ ఆపరేషన్లు చేశారు. ఒక కండర స్నాయువును మార్చి కట్టి వేళ్ళు చాచేట్టు చేశారు. పాదం విషయం వేరు. పాదం మీద మనిషి రోజూ నడవాలి. పుండు మానుతుంది, నడిస్తే మళ్ళీ అక్కడే వస్తుంది. కాబట్టి చెప్పు ఎలా ఉండాలన్న ప్రశ్న వచ్చింది. వేలూరులోనూ, 1955లో కాట్పాడి దగ్గర కరిగిరిలో పెట్టిన కుష్ఠు పరిశోధన కేంద్రంలోనూ రకరకాల చెప్పులు కుట్టి చూశారు. బరువంతా ఒక్కచోట పడకుండా అరికాలంతా పరిచేదే మంచి చెప్పు. గాలి బుడగల రబ్బరు ఆ పని చేసింది. మా అవ్వ కాళ్ళకున్నది ఆ వంశపు చెప్పే.

ఇక్కడ మా ఫిజిక్స్ సారు ఒక ప్రశ్న వేశారు. "బరువు ఒక్కచోట పడుతోందని వాళ్ళకు ఎలా తెలిసింది? రోగి చెప్పలేడు కదా." నిజమే. నాకు చెప్పు ఇరుకైతే అరగంటలో నేనే విప్పేస్తాను. రాయి ఉంటే దులుపుకుంటాను. నొప్పి తెలియనివాళ్ళకు ఆ మాట వేరే ఎవరో చెప్పాలి. ఆ వేరే ఎవరో అనేదాన్నే ఇప్పుడు ప్రెషర్ సెన్సారు అంటున్నాము. ఈ రోజుల్లో చేతి గడియారాల్లో, బట్టల్లో, బూట్లలో పెట్టే వంగే సెన్సార్ల గురించి పేపర్లలో వస్తోంది కదా, అవి నిన్న మొన్న పుట్టినవని నేను అనుకున్నాను. కాదు.

ఫ్రాన్సులో ఎతియన్ జూల్ మరే అనే ఆయన 1860లోనే మణికట్టుకు కట్టుకొని నాడి కొట్టుకోవడాన్ని గీతగా గీసే యంత్రం చేశాడు. ఆ తర్వాత ఆయన ప్రయోగశాలలోనే నడక మీద పడ్డారు. రబ్బరు అడుగున్న బూట్లు చేసి, అడుగులో గాలి గది పెట్టారు. కాలు ఆనగానే గాలి నొక్కుకొని, సన్నని గొట్టం గుండా చేతిలో ఉన్న పెట్టెకు పోతుంది. అక్కడ చిన్న డప్పు తోలు లాంటి పొర ఉబ్బి, దానికున్న ముల్లు మసి పూసిన కాగితం మీద గీత గీస్తుంది. మనిషి ఆ పెట్టెను చేత పట్టుకొని పరుగెత్తాలి. 1873లో వచ్చిన మరే పుస్తకంలో ఆ పరుగెత్తే మనిషి బొమ్మ ఉంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. ఒంటికి ధరించే వంగే ప్రెషర్ సెన్సారు అంటే ఇదే కదా! నూట యాభై ఏళ్ళ కిందటిది.

మరే బూటు ఎప్పుడు ఆనింది, ఎంతసేపు ఆనింది అని చెప్పింది గానీ, పాదంలో ఏ చోట ఎంత ఆనిందో చెప్పలేదు. అది తెలుసుకోవడానికి 1934లో న్యూయార్కులో హెర్బర్ట్ ఎల్ఫ్‌మన్ ఒక తమాషా పని చేశాడు. అడుగున వరసగా చిన్న చిన్న పిరమిడ్లున్న రబ్బరు చాపను గాజు పలక మీద పరిచి, మనుషుల్ని దాని మీద నడిపించి, కింద నుంచి సినిమా కెమెరాతో తీశాడు. ఎక్కువ నొక్కిన చోట పిరమిడ్ కొస చప్పిడిగా నలిగి పెద్ద మచ్చ అవుతుంది, తక్కువ నొక్కిన చోట చిన్న మచ్చ. ఈ పిరమిడ్లను మరచిపోవద్దు, మళ్ళీ వస్తాయి.

తర్వాత కెనడా సైన్యంలో 3,600 మందికి పైగా సైనికుల పాదాలు పరీక్షించిన హారిస్, బీత్ అనే డాక్టర్లు 1947లో తమ నివేదికతో పాటు ఇంకా సులభమైన పద్ధతి ఇచ్చారు. ఎత్తు పల్లాల గీతలున్న రబ్బరు చాపకు సిరా పూసి, మీద కాగితం వేసి, దాని మీద నడవడమే. ఎక్కువ బరువు పడినచోట ముద్ర నల్లగా వస్తుంది. కుష్ఠు పాదాలు చూసే డాక్టర్లకు ఇది బాగా పనికొచ్చింది. నేను కూడా ఇంట్లో చేశాను. అవ్వ కాలికి నీళ్ళు పోసి, ఎర్ర గచ్చు మీద నడవమన్నాను. మనలాంటి వాళ్ళ తడి అడుగు మధ్యలో నడుము లాగా సన్నబడుతుంది. అవ్వ అడుగు వెడల్పుగా అంతటా పడింది, అయినా బొటనవేలి మొదట్లో మాత్రం ముందుగా ఆరిపోయింది. అక్కడ పట్టుకొని చూస్తే కాయ కాచి గట్టిగా ఉంది. తడి ముద్ర కొలత కాదని సారు అన్నారు. సరే, కానీ కాయ ఉన్న చోటు నాకు దొరికింది.

ఇక అసలు కథకు వస్తాను. 1966లో బ్రాండ్ అమెరికా పోయారు. లూసియానా రాష్ట్రంలో మిస్సిసిప్పీ నది ఒడ్డున కార్విల్ అనే ఊర్లో అక్కడి ప్రభుత్వ కుష్ఠు ఆసుపత్రి ఉండేది. వేలూరులో కంటితో, చేతితో చూసిన దాన్ని అక్కడ కొలవడానికి డబ్బూ ఇంజనీర్లూ దొరికారు. మొదట తెలుసుకున్నది ఏమంటే, గాయానికి మేకో గాజు పెంకో అవసరం లేదు. మత్తిచ్చిన ఎలుకల అరికాళ్ళను ఒక యంత్రంతో, ఒక్కసారి నొక్కితే ఏమీ కానంత తక్కువ బలంతో, రోజుకు వేల సార్లు నొక్కారు. కొన్ని రోజులకు వాపు వచ్చి పుండు పడింది. అంటే మామూలు నడకే చాలు. మనకు రెండు మైళ్ళు నడిచాక కాలు నొప్పి పుట్టి, మనకు తెలియకుండానే బరువు పక్కకు వేసి కొంచెం కుంటుతాము. నొప్పి తెలియని మనిషి కుంటడు. మొదటి అడుగు ఎలా వేశాడో చివరి అడుగూ అలాగే, అదే చోట వేస్తాడు. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కుంటడం కూడా ఒక వరమే అని ఎప్పుడైనా అనుకున్నామా?

కార్విల్‌లో మొదట చేసినవి మేజోళ్ళు. పలుచని మెత్తటి గుడ్డలో రంగు నింపిన అతి చిన్న గుళికలు ఉంటాయి. వాటిని తొడుక్కొని, మీద బూటు వేసుకొని కాస్త దూరం నడిచి విప్పితే, ఒత్తిడి ఎక్కువైన చోట గుళికలు పగిలి రంగు మరక కనిపిస్తుంది. బూటులో తప్పు ఎక్కడుందో రోగి చెప్పలేకపోయినా మేజోడు చెప్తుంది. చేతులకూ కాళ్ళకూ ఇలాంటి పరికరాల గురించి బ్రాండ్, ఆయన తోటివారు 1969లోనే ఒక వైద్య పత్రికలో రాశారు. మా నాయనకు ఇది చెప్తే ఆయనకు బలే నచ్చింది. "కొత్త లాస్ట్ మీద షూ చేసినప్పుడు ఎక్కడ కరుస్తుందో మేము తొడిగి చూసి చెప్తాము. కాలికి తెలియకపోతే ఇట్లా చూడాల్సిందే" అన్నాడు.

కానీ మేజోడు ఒక్కసారే చెప్తుంది, అదీ విప్పాక. రోజంతా, అప్పటికప్పుడు చెప్పేది కావాలి. అందుకని బ్రాండ్ పెద్ద ఆలోచనే చేశారు. పోయిన నొప్పికి బదులు కృత్రిమమైన నొప్పి తయారు చేద్దామని. చేతి తొడుగు వేళ్ళ కొసల్లోనూ కాలి మేజోళ్ళలోనూ చిన్న చిన్న సెన్సార్లు పెట్టి, వాటి తీగలను ఒక పెట్టెకు కలిపారు. ఒత్తిడి హద్దు దాటితే ఆ పెట్టె చెవిలో కూత పెడుతుంది. కొన్నాళ్ళకు కూత బదులు దీపం వెలిగేట్టు చేశారు. ఇంజనీర్లు ఏళ్ళ తరబడి పనిచేశారు.

రెండు విధాలుగా ఓడిపోయారు. మొదటిది వస్తువు ఓటమి. సెన్సారు ఒక్కొక్కటి దాదాపు 450 డాలర్లు. చెయ్యి ఊరికే ఉండదు, వంగుతుంది, పిడికిలి పడుతుంది, సుత్తి పడుతుంది. లోహం అన్ని సార్లు వంగలేదు. తొందరగా పాడైపోయేవి. అవసరం లేనప్పుడు కూత పెట్టేవి, అవసరమైనప్పుడు ఊరుకునేవి.

రెండోది నాకు ఇంకా ముఖ్యం అనిపించింది. సెన్సారు సరిగ్గా పనిచేసినప్పుడు కూడా మనుషులు దాని మాట వినలేదు. కూత వినపడుతున్నా, పని మధ్యలో ఉన్నవాడు పని పూర్తి చేసేవాడు. దీపం వెలిగినా అంతే. చివరికి, స్పర్శ మిగిలి ఉన్న చంక దగ్గర చిన్న కరెంటు షాకు తగిలేట్టు పెట్టారు. దానికి మాత్రం ఉలిక్కిపడి వదిలేసేవాళ్ళు. కానీ బిగుసుకుపోయిన మర ఒకటి తిప్పాల్సి వచ్చినప్పుడు, షాకు కొడుతుందని తెలుసు కాబట్టి, ముందు స్విచ్చు ఆపి, మర తిప్పి, మళ్ళీ స్విచ్చు వేసుకునేవాళ్ళు. నిజమైన నొప్పికి స్విచ్చు ఉండదు. అందుకే అది పనిచేస్తుంది. బ్రాండ్ ఆ పనిని అక్కడితో వదిలేశారు. వాళ్ళు మూర్ఖులని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోను. ఎందుకో కడపట చెప్తాను.

వస్తువు ఓటమి సంగతి వేరే చోట్ల, వేరే మనుషుల చేతుల్లో నెమ్మదిగా తీరింది. తీగ సాగితే దాని విద్యుత్ నిరోధం మారుతుందని 1856లోనే కెల్విన్ చూపించాడు. దాన్ని అంటించి వాడే కొలత పట్టీగా 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ అనే ఇద్దరు విడివిడిగా చేశారు. అదీ లోహమే. 1969లో జపానులో కవాయి, నొక్కినా లాగినా విద్యుత్తు పుట్టించే ప్లాస్టిక్ పొరను కనుక్కున్నాడు. 1970ల చివర్లో అమెరికాలో ఫ్రాంక్లిన్ ఈవెంటాఫ్, కార్బన్ కలిసిన సిరాను ప్లాస్టిక్ మీద అచ్చువేసి, నొక్కితే నిరోధం తగ్గే పలుచని సెన్సారు చేశాడు. ఆయన చేసింది పాదాల కోసం కాదు, ఎలక్ట్రానిక్ సంగీత వాయిద్యాల కోసం! వేలు మెల్లగా కొడితే మెల్లటి శబ్దం, గట్టిగా కొడితే గట్టి శబ్దం. ఆ తర్వాత అలాంటివే బూటు లోపల పరిచే కాగితమంత పలుచని పొరలుగా వచ్చాయి.

ఇది మేము లాబులో చేసి చూశాము. కంప్యూటరు రిపేరు షాపులో పారేసే నల్లటి ప్లాస్టిక్ సంచి ఉంటుంది, అందులో కార్బన్ కలిపి ఉంటుంది. దాన్ని ముక్క కోసి, పైనా కిందా వంటింట్లో వాడే అల్యూమినియం కాగితం పెట్టి, మల్టీమీటరు తగిలించాము. వేలితో నొక్కితే అంకె తగ్గింది, ఇంకా నొక్కితే ఇంకా తగ్గింది. అందరం చప్పట్లు కొట్టాము. ఇంటికి తెచ్చి అవ్వ చెప్పులో పెట్టాను. నిలబడితే అంకె పడిపోయింది, ఎడమ కాలెత్తితే ఇంకా పడింది. బాగుంది. కానీ అవ్వ దిగిపోయాక అంకె మొదటి చోటికి రాలేదు. పది నిమిషాలకూ రాలేదు. మూడో రోజుకు అల్యూమినియం కాగితం మడత దగ్గర చిరిగిపోయింది. నాకు బ్రాండ్ ఇంజనీర్ల మీద గౌరవం పెరిగింది.

అంకె ఎందుకు వెనక్కి రాలేదో సారు చెప్పారు. ప్లాస్టిక్, రబ్బరు లాంటివి నొక్కితే నలుగుతాయి, వదిలితే నిదానంగా లేస్తాయి. దిండు మీద తల ఎత్తినా గుంట కాసేపు ఉన్నట్టు. ఈ బద్ధకమే వంగే సెన్సార్లకు పెద్ద చిక్కు. దానికి ఒక మంచి ఉపాయం 2010లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెనాన్ బావో బృందం చూపించింది. రెండు విద్యుత్ పొరల మధ్య గట్టి రబ్బరు బదులు, కంటికి కనపడనంత చిన్న రబ్బరు పిరమిడ్ల వరసలు పెట్టారు. పిరమిడ్ల మధ్య గాలి ఉంటుంది కాబట్టి నలగడానికి చోటుంది, లేవడానికీ అడ్డు లేదు. నొక్కినప్పుడు పొరల మధ్య దూరం తగ్గి, అవి పట్టుకునే విద్యుదావేశం మారుతుంది. దాన్ని కొలుస్తారు. 20 మిల్లీగ్రాముల ఈగ ఒకటి వాలితే కూడా అది చెప్పింది. ఎల్ఫ్‌మన్ పిరమిడ్లు గుర్తున్నాయా? 1934లో మనిషి బరువు చూడటానికి, 2010లో ఈగ బరువు చూడటానికి, ఆకారం అదే. వీళ్ళు ఆయన్ను చూసి చేశారని నేను అనడం లేదు. రబ్బరుతో పని చేసేవాళ్ళకు దారి అక్కడికే పోతుందేమో.

పిరమిడ్ల సంగతి అవ్వకు చెప్తే, "ఈగ వాలితే తెలుసుకునే రబ్బరు చేశారు, మేకు దిగితే తెలుసుకునే కాలు చెయ్యలేదా?" అనింది. నిజానికి ఆ వైపూ పని జరిగింది. 2019లో ఇంగ్లండులోని మాంచెస్టర్ పరిశోధకులు ఒక ఫలితం ప్రచురించారు. ఇంతకు ముందు పాదంలో పుండు వచ్చి మానిన 58 మంది షుగరు రోగులకు, ఒక్కోదానిలో ఎనిమిది సెన్సార్లున్న బూటు అట్టలు ఇచ్చి, ఏడాదిన్నర చూశారు. సగం మందికి ఒత్తిడి ఎక్కువసేపు ఒకేచోట ఉంటే చేతి గడియారంలో హెచ్చరిక వస్తుంది. మిగతా సగం మందికి అట్ట ఉంటుంది, హెచ్చరిక రాదు. హెచ్చరిక వచ్చిన వాళ్ళలో పుండ్లు 71 శాతం తక్కువ. రోజూ ఎక్కువసేపు తొడుక్కున్నవాళ్ళకు ఇంకా బాగా పనిచేసింది. కార్విల్‌లో రోగులు వినని కూతను, మాంచెస్టర్‌లో విన్నారన్నమాట. 58 మంది చిన్న లెక్కే, సారు కూడా అదే అన్నారు. ఇంకా పెద్ద లెక్కలు రావాలి. అలాంటి అట్టలు మా ఊర్లో మందుల షాపులో దొరికేవి కూడా కావు.

ఇప్పుడు, రోగులు స్విచ్చు ఎందుకు ఆపేవాళ్ళో చెప్తానన్నాను కదా. మా అవ్వకు డాక్టరమ్మ చెప్పింది, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలని. అవ్వ ఆసుపత్రికి పోయేటప్పుడు, కల్యాణాలకు పోయేటప్పుడు వేసుకుంటుంది. ఇంటికి రాగానే గడప బయటే వదిలేస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా, "లక్ష్మి తిరిగే ఇంట్లో చెప్పులేందే? మా అత్తగారు బతికుంటే కొట్టుండేది" అంటుంది. నాయన కోప్పడ్డాడు, అమ్మ బతిమాలింది. నేను బ్రాండ్ కథంతా చెప్పాను, ఎలుకల సంగతి కూడా. అవ్వ కళ్ళు తుడుచుకొని, "పాపం" అని, లేచి ఉత్త కాళ్ళతోనే వంటింట్లోకి పోయింది. డెబ్బై ఏళ్ళు ఉత్త కాళ్ళతో ఆ నేల మీద నడిచింది. ఆ కాళ్ళు ఇప్పుడు కూడా ఆమెను ఏమీ అడగడం లేదు, నొప్పి అనడం లేదు. మేము అంటున్నాము. మా మాట చెవిలో కూత లాంటిదే.

పోట్లాడీ పోట్లాడీ ఒక ఒప్పందానికి వచ్చాము. నాయన ఇంట్లోకని ఇంకో జత తెచ్చాడు. బయట అడుగు పెట్టనివి, కొత్తవి. వాటికి అమ్మ పసుపు బొట్టు పెట్టి గడప లోపల ఉంచింది. అవ్వ రెండు రోజులు వాటిని తప్పుకొని నడిచింది. మూడో రోజు వేసుకుంది. దేవుడి గూటి ముందు మాత్రం విప్పుతుంది, ఆ నాలుగడుగుల నేల నేను రోజూ ఊడ్చి, చేత్తో తడిమి చూస్తాను.

రాత్రి పడుకునే ముందు టార్చి వేసి రెండు అరికాళ్ళూ చూసి, నోటు పుస్తకంలో రాయడం నా పని. మొన్న అలా చూస్తుంటే అవ్వ అడిగింది, "ఆ మాట్లాడే అట్ట మన ఊరికొస్తే, దాని నోరు మూసే బటను ఉంటుందా పాపా?"

"ఉంటుందేమో అవ్వా" అన్నాను.

"అయితే ఆ బటను నీ దగ్గరే పెట్టుకో" అనింది.

నిన్నటి రాత ఇది: ఎడమ పాదం బాగుంది. కుడి పాదం బొటనవేలి మొదట్లో కాయ పక్కన కొంచెం ఎరుపు, తాకితే పక్కదానికంటే వెచ్చగా ఉంది. పొద్దున మళ్ళీ చూడాలి.